వీర్రాజు ఉన్న రీలు

నాకు నోరు పెద్దది. ఈ మాట నేను కనిపెట్టింది కాదు, మా ఆవిడ పుష్పకుమారి పెళ్ళైన మూడో రోజునే తేల్చేసింది. ప్రభుత్వ ప్రచార విభాగంలో ఇరవై ఆరేళ్ళుగా ప్రొజెక్టర్ ఆపరేటర్‌ని. జీపులో ఊరూరా తిరగడం, తెర కట్టడం, మలేరియా గురించీ మరుగుదొడ్ల గురించీ సినిమాలు వేయడం, ఇదీ ఉద్యోగం. మెషీను రొదలో అరిచి మాట్లాడడం అలవాటైపోయి, ఇంట్లో మంచినీళ్ళు అడిగినా వీధి చివర కుక్క లేస్తుంది. జ్ఞానదాసు ఇంట్లో ఉన్నాడా అని మా విశాఖ మల్కాపురంలో ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు.

ఆ నోరు నన్ను ఎక్కడికి లాక్కుపోయిందో చెబుతాను, వినండి.

అది తొంభై తొమ్మిది జూన్. కార్గిల్ కొండల మీద యుద్ధం జరుగుతోంది. మా ఇంట్లో టీవీ పొద్దున్న పెడితే పడుకునేదాకా ఆగేది కాదు. ఆ రోజు కొండ అవతలి యారాడ నుంచి సూర్యకాంతమ్మ వచ్చి వాకిట్లో గంప దించింది. పదేళ్ళుగా మాకు చేపలు ఇచ్చేది ఆవిడే. కత్తిపీట ముందేసుకుని వంజరం ముక్కలు కోస్తూ, టీవీ వైపు తల తిప్పింది.

"ఏటి బాబూ, మల్లా యుద్దమేనేటి?"

నన్నే అడగాలా ఆ మాట! అందుకున్నాను. "ఇది ఎక్కడో కొండల మీద. డెబ్బై ఒకటిలో చూడాలి యుద్ధమంటే! మన నెత్తి మీదే! నేను అప్పుడు యుద్ధం సినిమాకి పనిచేశాను, తెలుసా?"

నిజంగానే చేశాను. ఆ డిసెంబర్లో బాంబుల భయంతో ఊరంతా చీకటి. కిటికీలకు నల్ల కాగితాలు, స్కూటర్ దీపాలకు సగం నల్ల రంగు. అలాంటప్పుడు బొంబాయి నుంచి నలుగురు మనుషులు కెమెరా పట్టుకుని దిగారు. యుద్ధంలో విశాఖ రేవు ఎలా ఉందో పదకొండు నిమిషాల సినిమా తీయాలట. పేరు 'రేవుకు కాపలా'. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. మిషన్ స్కూల్లో నేర్చిన ఇంగ్లీషు, రేవులో తిరిగి నేర్చిన హిందీ ఉన్నాయని నన్ను సాయానికి పెట్టుకున్నారు. వెండి కాగితం అంటించిన అట్ట పట్టుకుని ఎండను మనుషుల మొహాల మీదికి తిప్పడం, డైరెక్టర్ హిందీలో తిట్టిన తిట్లను తెలుగులో మళ్ళీ తిట్టడం, ఈ రెండూ నా పనులు.

"మీ యారాడలో కూడా తీశాం," అన్నాను సూర్యకాంతమ్మతో. "సముద్రంలో తేడాగా ఏది కనిపించినా జాలర్లు నేవీకి కబురు చెబుతారు అన్నది సీను. ఎనిమిది మంది పడవను నీళ్ళలోకి తోయాలి. అంతే కదా పని? కెమెరా తిరిగిందో లేదో, ఎనిమిది మందీ పడవ ఒగ్గేసి కెమెరా కేసి తిరిగి పళ్ళికిలించారు! డైరెక్టర్ టోపీ తీసి ఇసకలో కొట్టాడు. అప్పుడు నేనందుకున్నాను. 'ఇటు ఎవడైనా తల తిప్పాడంటే బొమ్మలోంచి పీకేస్తాను! మొహాలు సముద్రం వైపు!' అన్నాను. రెండోసారి ఒక్క తల తిరిగితే ఒట్టు. నా ఒక్క అరుపుకి యారాడ మొత్తం దారికొచ్చింది."

ఛాతీ విరుచుకుని చూద్దును కదా, కత్తిపీట మీద ఆవిడ చెయ్యి ఆగిపోయి ఉంది.

"బాబూ," అంది. "ఆ పడవ తోసినోల్లలో మా ఇంటాయన ఉన్నాడు. వీర్రాజు. ఆ తరవాత రెండు నెల్లకే ఏటకెల్లి తిరిగి రానేదు. మనిసీ దొరకనేదు, పడవా దొరకనేదు."

పదేళ్ళుగా ఆవిడ దగ్గర చేపలు కొంటున్నాను. భర్త లేడని తెలుసు. ఎలా పోయాడో ఒక్కనాడూ అడగలేదు.

"మాకాడ ఆయన ఫొటో ఒక్కటంటే ఒక్కటీ నేదు బాబూ. మా కోటిగాడు అప్పటికింకా పుట్టనేదు. ఇప్పుడు ఆడికి ఇరవయ్యేడేల్లు. ఆల్ల నాన్న మొకం ఎలగుంటాదో ఎరగడు. సిన్నప్పుడు అద్దంలో సూసుకుని, 'నాన్న ఇలాగే ఉంటాడేటే అమ్మా' అని అడిగీవోడు. ఏటి సెప్తాను? ముక్కు ఆయనదేనంటాను, కల్లు నాయంటాను. మాటల్తో సెప్తే మొకం అయిపోద్దేటి? ఆ సినిమా ఇప్పుడుందా బాబూ? ఆ రోజు నాను..."

ఆవిడ ఇంకా ఏదో చెప్పబోయింది. నేను ఆగితేగా! ఒళ్ళంతా ఉత్సాహం పొంగిపోయింది. "ఉండకేం! మా ఆఫీసు స్టోర్లోనే ఉంది! ఈ ఆదివారం మీ ఊళ్ళో తెర కట్టి వేస్తాను. మీ ఆయన్ని ఆరడుగుల ఎత్తున చూపిస్తాను. చూపించకపోతే నా పేరు జ్ఞానదాసు కాదు!"

లోపలి నుంచి పుష్పకుమారి గొంతు వినిపించింది. "ముందు ఆ రీలు ఉందో లేదో చూసుకోండి. ఆ తరవాత ఆరడుగులో పదడుగులో కొలుద్దురుగాని."

ఉందనే నా నమ్మకం. స్టాకు రిజిస్టర్లో ఆ పేరు ఎన్నోసార్లు కళ్ళపడింది. అయితే నేను ఉద్యోగంలో చేరేసరికే యుద్ధం పాతబడి, ఆ సినిమాను అటకెక్కించేశారు. పనిచేశానని ఊరంతా చెప్పుకున్నానేగానీ నేనూ దాన్ని తెర మీద చూసి ఎరగను.

ఆఫీసుకెళ్ళి స్టోరు తాళం అడిగితే, గుమాస్తా శ్రీరామ్మూర్తి టీ గ్లాసు కింద పెట్టి తాపీగా చెప్పాడు. "పాత రీళ్ళా? ఇప్పుడన్నీ వీడియో క్యాసెట్లే కదా దాసూ. మొన్ననే తుక్కు కింద తీసేశారు. ఆటోనగర్ వాడొచ్చి లారీలో పట్టుకెళ్ళాడు."

నేనేం అన్నానో ఇక్కడ రాయను. పై అంతస్తు ఆఫీసరుగారు కిందికి దిగొచ్చారని మాత్రం చెబుతాను.

కోపంగా బయటికొచ్చేసరికి గేటు దగ్గర ఒక పొడుగాటి మనిషి నిలబడి ఉన్నాడు. సముద్రపు ఎండకి నల్లబడిన మొహం, చేతిలో గంజి పెట్టిన చొక్కా మడత. దారిలో మాసిపోతుందని విప్పి చేత్తో పట్టుకొచ్చాడట. "నాను కోటినండి. సూర్యకాంతమ్మ కొడుకుని. అమ్మ సెప్పింది. దొరికిందా బాబూ?" అన్నాడు.

ఆ కళ్ళలోకి చూసి లేదని చెప్పడం నా వల్ల కాలేదు. "ఎక్కు!" అని స్కూటర్ తన్నాను.

ఆటోనగర్ చేరేసరికి పది దాటింది. తుక్కు కొట్టు జగ్గయ్యది. ఆ కొట్లో చూసిన దృశ్యానికి నా ప్రాణం గిలగిల్లాడింది. రేకు డబ్బాలన్నీ ఒక కుప్ప, ఫిలిం అంతా ఇంకో కుప్ప! పేర్లు ఉండేది డబ్బాల మీద. డబ్బాలు ఇనుములోకి, ఫిలిం ప్లాస్టిక్‌లోకి. జగ్గయ్య లెక్క జగ్గయ్యది. నూట నలభై సినిమాలు పేరూ ఊరూ లేకుండా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కొన్ని అప్పటికే చుట్టలు ఊడి, చిక్కుపడిపోయాయి.

"ఒరే జగ్గయ్యా! ఇది తుక్కురా నీకు?"

"తుక్కు కాపోతే మీవోల్లు నాకెందుకిచ్చినారు? కావల్సింది ఏరుకుని పట్టుకుపోండి. ముందా అరుపులాపండి, మా పనోల్లు జడుసుకుంటన్నారు."

కుప్ప ముందు కూలబడ్డాం. ఒక్కో చుట్ట తీయడం, మొదటి జానెడు ఎండకు పట్టి చూడటం. దోమ. పక్కన పడేయ్. కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం. పడేయ్. వరి నాట్లు. పడేయ్. ఎండ మాడ్చేస్తోంది. చెమట కళ్ళలోకి కారుతోంది. తొంభై చుట్టలు దాటాక నాకు బొమ్మలు కూడా మసగ్గా కనిపించసాగాయి. కోటి మాత్రం అలుపూ సొలుపూ లేకుండా తీస్తూనే ఉన్నాడు. దూరాన నీళ్ళ మీద చేపల గుంపు ఎక్కడుందో రంగును బట్టి పసిగట్టే కళ్ళు కదా అవి.

"బాబూ!"

ఆ కేకకి జగ్గయ్య కూడా లేచి నిలబడ్డాడు.

"ఇది మా కొండ! డాల్ఫిన్ నోసు! రేవు వైపు నుంచి సూత్తే ఇలాగే ఉంటాది! సూడండి, సూడండి!"

లాక్కుని చూశాను. అదే! కొండ, రేవు, క్రేన్లు. ఆ ముందు అక్షరాలు: 'రేవుకు కాపలా'. ఆ తుక్కు మధ్యలో, యాభై ఏళ్ళ వయసులో, గెంతాను. కోటి నన్ను పట్టుకుని నాతో పాటు గెంతాడు. జగ్గయ్య పనివాళ్ళు కూడా ఎందుకో ఏమిటో తెలియకుండానే ఈలలేశారు.

మిగతాది కూడా విప్పి చూస్తానని కోటి చెయ్యి చాచాడు. "ముట్టుకోకు! వేలి గోరంత బొమ్మలో ఏం కనిపిస్తుంది, చీమల్లా ఉంటారు. ఇరవై ఏడేళ్ళు ఆగావు, ఆదివారం దాకా ఆగు. తెర మీద చూద్దువుగాని," అన్నాను. పాపం, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మూడు రోజులు ఇంట్లో ఆ రీలుతోనే నా కాపురం. మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచాను, చిరుగులు అతికాను. ఆపరేటర్ ఫిలింని కంటితో చూడడు, రెండు వేళ్ళ మధ్య జారవిడుస్తూ చిరుగు ఎక్కడ తగులుతుందా అని తడుముతాడు. ఒకసారి మెషీనుకెక్కించి చూసుకోవాల్సిందే. కానీ ప్రొజెక్టర్ ఆఫీసులో ఉంది, ఆదివారానికి అడిగి తెచ్చుకోవాలి, నాకేమో ఆత్రం. వీర్రాజును యారాడతో కలిసే చూస్తానని మొండికేశాను.

ఆదివారం చర్చి అయ్యాక ప్రొజెక్టర్‌తో పాటు పుష్పకుమారిని కూడా జీపెక్కించుకుని కొండ దాటి యారాడ చేరాను. మధ్యాహ్నం మూడింటికి ఆట. కమ్యూనిటీ హాలు కిటికీలకి టార్పాలిన్లు, పాత తెరచాపలు కట్టి వెలుతురు రాకుండా మూసేశారు. వీర్రాజుతో పాటు ఆ రోజు పడవ తోసిన అర్జునరావు ముసలాయన కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి, "మల్లా బ్లాకవుటేట్రా, బాంబులెయ్యడానికొత్తన్నారేటి?" అని ఒకటే నవ్వు. ఊరు ఊరంతా దిగిపోయింది. సూర్యకాంతమ్మ పెట్టెలోంచి తీసిన పచ్చ చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. పక్కనే కోటి, ఇస్త్రీ చొక్కాలో.

దీపం వేశాను. మెషీను తిరిగింది. రేవు కనపడగానే చప్పట్లు. చీకట్లో విశాఖ, కిటికీలకు కాగితాలు అంటిస్తున్న ఆడవాళ్ళు, తుపాకీలతో నావికులు. ఆరో నిమిషంలో తెర నిండా యారాడ ఇసక, కొండ! "మా ఊరు! మా ఊరు!" అని హాలు దద్దరిల్లింది. 

పడవ వచ్చింది. ఎనిమిది మంది తోస్తున్నారు.

ఎనిమిది వీపులు.

"ఆ నడుం నాదే!" అని అర్జునరావు కేకేశాడు. జనం నవ్వారు. "ఎడం పక్క నాలుగోవోడు వీర్రాజు! అదిగో!" నాలుగోవాడి వీపు, మెడ, భుజం ఎముకలు. తల ఇటు తిరుగుతుందేమోనని హాలంతా ముందుకు వంగింది. తిరగలేదు. పడవ నీళ్ళెక్కింది, మనుషులు ఎగిరి ఎక్కారు, పడవ చిన్నదైపోయింది. తెర మీదికి యుద్ధనౌకలు వచ్చేశాయి.

కోటి లేచి నా వైపు తిరిగాడు. "బాబూ, మొకం ఏది?"

ఇరవై రెండేళ్ళ వయసులో అరిచిన నా గొంతే నా చెవుల్లో వినిపించింది. మొహాలు సముద్రం వైపు! ఒక్క తల తిరిగితే ఒట్టు! ఎంత గొప్పగా చెప్పుకు తిరిగాను దాన్ని! ఒక మనిషి మొహం ఈ లోకంలో మిగిలే అవకాశం ఒక్కసారి వస్తే, నోరు చేసుకుని దాన్ని అటు తిప్పేసింది నేను. సిగ్గుతో చచ్చిపోయాను.

"నేనేరా కోటీ," అన్నాను. "ఇటు చూడొద్దని అరిచింది నేనే. నన్ను క్షమించు."

కోటి మళ్ళీ తెర వైపు తిరిగిపోయాడు. అరిచినా బాగుండేది. సూర్యకాంతమ్మ తెర కేసి చూస్తూ, "కాదే, ఇటు సూసినాడే, నాను సూసినానే" అని గొణుక్కుంటోంది. సినిమా దాని మానాన అది అయిపోయింది. 'సమాప్తం' పడింది.

ఇక్కడ మా వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. ప్రతి రీలు చివరా పనికిరాని ఫిలిం ముక్క ఒకటి అతికిస్తారు. నలిగినా చిరిగినా ఆ ముక్కే పోవాలిగానీ సినిమా పోకూడదని. తీసేసిన షాట్లలో చేతికి ఏదొస్తే అది, తలకిందులో తిన్ననో కూడా చూడకుండా అంటించేస్తారు. 'సమాప్తం' పడగానే ఆపరేటర్ దీపం ఆర్పేయాలి, ఆ చెత్త జనం కంట పడకూడదు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా పడనివ్వలేదు. ఆ రోజు నా చెయ్యి లేవలేదు. మొహం కప్పుకుని కూర్చున్నాను.

పిల్లలు పకపకా నవ్వేసరికి తలెత్తాను. తెర మీద సముద్రం పైకి పోయింది, ఆకాశం కిందికొచ్చింది. మనుషులు తలకిందులుగా వేలాడుతూ వెనక్కి నడుస్తున్నారు. పడవ, ఎనిమిది మంది మనుషులు, వాళ్ళ మొహాలు. మొహాలు ఇటే ఉన్నాయి!

"కదలొద్దు! ఎవరూ కదలొద్దు!" కొండ అవతలికి కూడా వినపడి ఉంటుంది. "మొదటిసారి తీసింది! టోపీ విసిరేసిన షాటు! పుష్పా, కత్తెర! కోటీ, టార్చి పట్టు!"

రీలు చివర లాగి, అతుకు దగ్గర కత్తిరించాను. ఆ ముక్కను తల్లకిందులు చేస్తే మనుషులు నిలబడతారు, ముందుకే నడుస్తారు. అంచు మీద పొర గీకాలి, జిగురు రాయాలి, నొక్కి ఉంచి ముప్పై లెక్కపెట్టాలి. ముందే వదిలితే మెషీన్లో ఊడిపోతుంది, నలిగిందంటే ఇక అంతే సంగతులు.  కోటి టార్చి దగ్గరికి పెట్టాడు. నొక్కిపట్టి, "ఒకటి, రెండు" అన్నాను. పిల్లలు అందుకున్నారు. పదికల్లా హాలు మొత్తం అందుకుంది. ఇరవై ఎనిమిది! ఇరవై తొమ్మిది! ముప్పై!

దీపం వేశాను.

ఎనిమిది మంది పడవ మీద చేతులేసి వంగారు. ఎడం పక్క నాలుగోవాడు ముందుగా పడవ వదిలేసి ఇటు తిరిగాడు. రింగుల జుట్టు, సన్నటి మీసం. ఏదో అన్నాడు, మాట వినిపించదు. నవ్వాడు. మిగతా ఏడుగురూ తిరిగి గొల్లున నవ్వారు. అంతే, తెల్ల తెర.

"వీర్రాజే! ఆడేరా! అచ్చం ఆడే!" అర్జునరావు కర్ర గాల్లోకి విసిరేశాడు. హాలంతా గోల, ఏడుపు, చప్పట్లు. పుష్పకుమారి కళ్ళు తుడుచుకుంటోంది. నేనైతే చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను. మళ్ళీ చుట్టి మళ్ళీ వేశాను. ఇంకోసారి వేశాను.

నాలుగోసారి కోటి తెరకి వేలు చూపించాడు. "నాకంటే సిన్నోడు," అన్నాడు. "కెమెరా మిషన్ని సూసి ఎలా నవ్వుతున్నాడో సూడవే అమ్మా."

సూర్యకాంతమ్మ లేచి తెర దగ్గరికి వెళ్ళింది. "మిషన్ని కాదురా. మిషన్ పక్కన నాను నిలబడున్నాను. ఆరో నెల నాకు. బాబుకి మొన్న వాకిట్లోనే సెప్పబోనాను, ఇన్నారు కాదు. సరిగ్గా సూడు, నా మొకం కేసి కూడా కాదు, కిందకి సూత్తన్నాడు. నా కడుపు కేసి. 'ఒరే గుంటడా, నాన్నని సూడ్రా' అన్నాడు. అందుకే అందరూ నవ్వినారు."

కెమెరా చూసి పళ్ళికిలించారని ఇరవై ఏడేళ్ళు చెప్పుకు తిరిగాను నేను.

"నిన్నేరా సూత్తన్నాడు," అందావిడ.

 కోటి మెడ దగ్గర ఊడిన గుండీ పెట్టుకున్నాడు. అరచేత్తో జుట్టు దువ్వుకున్నాడు. తెర ముందుకెళ్ళి నేల మీద కూర్చుని, ఇటు కొంచెం, అటు కొంచెం జరిగి, ఆ చూపు పడే చోటు వెతుక్కున్నాడు.

"ఇంకోపాలి ఎయ్యండి బాబూ," అన్నాడు.